ఫ్యాన్ వెయ్యనివ్వని మాస్టారు

పందొమ్మిదివందల అరవైల్లో, బాపట్ల కాలేజీలో మాకు మొక్కల పాఠం చెప్పిన మాస్టారు ఎంత ఎండలోనైనా కిటికీలు మూయించేవారు. ఫ్యాన్ వెయ్యనిచ్చేవారు కాదు. ఆయన బల్ల మీద చలిదేశాల నుంచి తెప్పించిన రెండు ఎండు మొక్కలు, అట్టలకు దారంతో కుట్టి ఉండేవి. ఒకటి ముళ్ల ఆకులుండే హాలీ చెట్టు కొమ్మ, రెండోది మంచునేలల్లో పెరిగే గడ్డి.

"ఫ్యాన్ వద్దు నాయనా, ఎగిరిపోతాయి."

మాకు ఒళ్లు మండిపోయేది. ఆయన మాత్రం చెమట తుడుచుకుంటూ మంచు గురించి చెప్పేవారు.

"ఈ చెట్టుకి కింది ఆకులకే ముళ్లెక్కువ. పైవి నున్నగా ఉంటాయి, పశువులకి అందవుగా. పాపం, గడ్డి ఎక్కడికి పోద్ది? మంచు కింద వేరు పట్టుకుని ఉండిపోవాల్సిందే."

"మీరు మంచు చూశారాండీ?" అని ఒకసారి అడిగాను.

"మాది రేపల్లె నాయనా. రైలు అక్కడితో ఆగిపోద్ది," అన్నారు, గడ్డి అట్ట సర్దుతూ.

ఆ గదిలోనే ఆయన తల నెరిసింది. నేను అక్కడే ఉద్యోగంలో చేరిన ఏడాది ఆయన రిటైరయ్యారు. వీడ్కోలు రోజున ఆ అట్టలు రెండూ బీరువాలో పెట్టి తాళం వేసి, ఆయన్ని ఆ బల్ల దగ్గరే కూర్చోబెట్టి, నేనే ఫ్యాన్ వేశాను.

రెక్కలు కదలగానే మాస్టారు ఉలిక్కిపడి లేచి, ఖాళీ బల్లని రెండు చేతులతో అదిమి పట్టుకున్నారు.