దూడ పాలు, మన పాలు

ఇప్పుడంటే దూరపు పరుగులు తీసేవాళ్ళు పాలు, పెరుగు, నెయ్యి అన్నీ మానేసి, దానికి వీగన్ అని పేరు పెట్టుకుని గర్వంగా చెప్పుకుంటున్నారు. తొంభైల్లో అరకులో ఆ పనే నేను చేస్తే, నాకు కామెర్లేమోనని మా నాన్న కనురెప్పలు లాగి చూశాడు. (ఆ అవమానం ఇంకా మరిచిపోలేదు.)

మైదానం నుంచి వచ్చి సంతవీధిలో కిరాణా కొట్టు పెట్టుకున్న శాకాహారులం మేము. జూనియర్ కాలేజీలో చదువుతుండగా, జిల్లా పోటీల్లో పది కిలోమీటర్ల పరుగుకు మా కాలేజీ నుంచి ఐదుగురిని ఎంపిక చేస్తామన్నారు. డ్రిల్లు మాస్టారు అందరి పేర్లూ పెన్నుతో రాసుకుని, నా పేరు మాత్రం పెన్సిలుతో రాశారు. ఎందుకండీ అని అడిగితే, చెరపడానికి వీలుగా ఉంటుందన్నారు. అప్పట్నుంచి ఆ ఐదింట్లో ఒక చోటు సంపాదించడం తప్ప నాకు ఇంకో ధ్యాస లేదు.

మా అందరిలోకీ మేటి, కొండమీది ఊరి నుంచి వచ్చే నా క్లాసువాడు. ఘాట్ రోడ్డు మీద పరిగెత్తినా ఆయాసపడడని వాణ్ణి ఇంజను అనేవాళ్ళం. ఒకరోజు మా కొట్టు దగ్గర టీ ఇవ్వబోతే వద్దన్నాడు. వాళ్ళ ఊళ్ళో ఆవుల్ని పిండరట. కారణం అడిగాను.

"ఆవు పాలు దూడ పాలు. మన పాలు సోళ్ళు," అన్నాడు.

చోళ్ళంటే రాగులు. ఆ చోళ్ళ అంబలే మనకు పాలన్నమాట, ఇంజను రహస్యం ఇదన్నమాట అనుకున్నాను. ఆ పూటే పాలూ పెరుగూ మానేశాను. పొద్దున అంబలి, మధ్యాహ్నం చారన్నం, సాయంత్రం ఉడకేసిన చిలగడదుంపలు. పెరుగు నిన్నేటి సేసిందిరా అని అమ్మ రోజూ అడిగేది. రాత్రి మజ్జిగ పోసుకోకుండా కంచం ముందు నుంచి లేస్తుంటే నాకు నిజంగానే కళ్ళలో నీళ్ళు తిరిగేవి. (ఎదురుగా కూర్చుని జుర్రుకుంటూ తిన్న అన్నయ్యను ఇంకా క్షమించలేదు.) అంబలిని మాత్రం కొండ పద్ధతిలో రాత్రంతా పులియబెట్టమన్నాను. రోజురోజుకీ పులుపు బాగా కుదురుతోందని అమ్మను మెచ్చుకున్నాను కూడా.

నలభయ్యో రోజున ఎంపిక పరుగు. ఇంజను మొదటివాడు. నేను ఐదోవాణ్ణి. నా పేరు పెన్నుతో రాసేదాకా మాస్టారి పక్కనుంచి కదల్లేదు. నలభై రోజులు చుక్క పాలు ముట్టలేదని అక్కడున్న అందరికీ ఉపన్యాసమిచ్చి, ఇంటికొచ్చి, జిల్లా పోటీలయ్యేదాకా ఇదే తిండి అని ప్రకటించాను. అమ్మ గరిటె కింద పెట్టేసింది.

"ఇంక నా వల్ల కాదురా. రోజూ నీ అంబలిలో మజ్జిగ నేనే కలిపినాను. బిడ్డ సిక్కిపోతంటే సూస్తా ఊరుకుంటానేటి?"

అంటే ఆ చోటు నేను మోసంతో సంపాదించానా? ఇంజనుకు చెప్పేయాలని బస్టాండుకు పరిగెత్తాను. వాడు ఊరికి వెళ్ళే జీపు కోసం నిలబడి ఉన్నాడు. తలొంచుకుని జరిగిందంతా చెప్పాను. వాడు పొట్ట పట్టుకుని నవ్వాడు.

"పాలంటే వాటారా. దూడ వాటా దూడది, మన వాటా మనది. అది మా ఇళ్ళ పద్ధతి. పాలు మానితే పరుగొస్తాదని నానెప్పుడు సెప్పాను?"

"మరి మజ్జిగ తాగి గెలిచాను కదరా."

"మజ్జిగకి కాళ్ళుంటాయేటి? పరిగెట్టింది నువ్వే. బేగి ఇంటికెల్లి అన్నం తిను."

ఇంటికి వచ్చి కంచం ముందు కూర్చున్నాను. అమ్మ ఏమీ అడక్కుండా గిన్నె వంచి గడ్డపెరుగు వేసింది. నన్ను నలభై రోజులు మోసం చేసినందుకు ఆమెను గట్టిగా నిలదీయాలనే ఉంది, కానీ ముందు ఈ ముద్ద అవనీ అనుకున్నాను. తర్వాత ఇంకో ముద్ద. మారు వడ్డించుకున్నాను కూడా. ఇన్నేళ్ళలో నేను చేయకుండా వదిలేసిన ఫిర్యాదు అదొక్కటే.