వెనక్కి పెట్టిన వాగ్దానం

రత్నాలమ్మను మీరు చూసి ఉండరు. ఆమె గోళ్ల కిందుగా వచ్చిన జీడిపప్పును మాత్రం ఏ పెళ్లి పాయసంలోనో తినే ఉంటారు. పలాసలో ఒక జీడి ఫ్యాక్టరీలో పదహారేళ్లుగా ఆమెది ఒకటే పని, పప్పు విరగకుండా పైపొట్టు ఒలవడం. చెయ్యి ఎంత నెమ్మదో నోరు అంత దురుసు. సూపర్‌వైజరు కూడా ఆమెతో మాట్లాడేముందు గొంతు సవరించుకుంటాడు. అంతటి మనిషి ఒక జనవరి ఒకటో తారీఖున, పట్టపగలు, దేవుడి పళ్లెంలోనే చేతివాటం చూపించింది.

వాళ్ల ఊరు ఉద్దానంలో. రోడ్డు పక్కన రేకుల మందిరం ఒకటుంది. కొత్త సంవత్సరం నాడు పొద్దుటి ఆరాధన అయ్యాక పాస్టరు ప్రేమ్‌కుమార్ గారు ఒక పళ్లెంలో చిన్న కార్డులు బోర్లా పరిచి బల్ల మీద పెడతారు. ఒక్కో కార్డు మీద దేవుడు చెప్పిన మాట ఒకటి ఉంటుంది. వరసలో వచ్చి, కళ్లు మూసుకుని, ఒకటి తీసుకోవాలి. ఏది వస్తే అదే ఆ ఏడాదికి ఆ ఇంటి వాగ్దానం. రత్నాలమ్మ పన్నెండేళ్లుగా తీసిన కార్డులన్నీ వంటింటి గుమ్మం పైన వరసగా అతికించి ఉన్నాయి. ఏ మాట ఏ నెలలో ఎలా నెరవేరిందో అడిగినవాళ్లకీ అడగనివాళ్లకీ చెప్పేది.

ఆ ఏడు ఆమెకు కావలసింది ఒక్కటే, మొగుడి ప్రాణం.

మొగుడు పోలారావు కొబ్బరిచెట్లెక్కి కాయలు దింపుతాడు. మందిరం గడప తొక్కడు, పెళ్లాన్ని వద్దనడు. డిసెంబరులో ఊళ్లోకి వైద్య శిబిరం వచ్చి అందరికీ రక్తం తీశారు. పోలారావు చీటీ మీద, కిడ్నీల పనితీరు చెప్పే క్రియాటినిన్ ఒకటీ పాయింట్ ఎనిమిది, ఉండాల్సినదానికన్నా ఎక్కువ. ఆ అంకె అర్థం కావడానికి ఉద్దానంలో ఎవరూ చదువుకోనక్కర్లేదు. ఇంటికొక కిడ్నీ రోగి ఉన్న వీధులవి. ఎందుకొస్తుందో ఇదీ అని తేల్చినవాడు లేడు. ఊరు మాత్రం ఎప్పుడో తేల్చేసుకుంది, నీళ్లేనని. రత్నాలమ్మ మరిది కృష్ణ నాలుగేళ్ల కిందట అలాగే పోయాడు. చివరి రోజుల్లో డయాలసిస్ డాక్టర్లు అతని నీళ్లకు కొలత పెట్టారు. ఆ అరలీటరు సీసా ఇప్పటికీ అటక మీద ఉంది.

రత్నాలమ్మ ఆ సీసా దింపి, కడిగి, మొగుడికి పొద్దున ఒకటి, సాయంత్రం ఒకటి పోయడం మొదలుపెట్టింది.

“ఒలే, అరిటిమొక్కకైనా బిందెడు పోత్తావు గదే! నాకేటే ఈ సీసా కొలత?” అని పోలారావు గోల పెట్టాడు.

“నోర్ముయ్యి మావా. మన కిట్నకి డాక్టర్లేటి సెప్పినారో నాకు తెల్దేటి?” అంది.

ఆ గుబులుతోనే జనవరి ఒకటిన పళ్లెం ముందు నిలబడింది. కళ్లు మూసుకుని తీసింది. తిప్పి చూసింది. నువ్వు నీళ్లలో పడి నడిచేటప్పుడు నేను నీకు తోడుంటాను అని దేవుడన్న మాట అది. ఎంతమందికో ధైర్యమిచ్చిన మాటే. కానీ ఆమె కంటికి ఒక్క ముక్కే కనబడింది, నీళ్లు! ఓలమ్మో, మళ్లీ నీళ్లేనా! అటూ ఇటూ చూసింది. ప్రార్థనలో అందరి కళ్లూ మూసే ఉన్నాయి. కార్డు బోర్లించి పళ్లెంలో పెట్టేసి ఇంకోటి లాగింది. దీర్ఘాయువు ఇస్తానన్న మాట. గబగబా కొంగున ముడేసుకుని బయటపడింది.

ఆ కార్డు గుమ్మం మీద అతికించబోతే చెయ్యి రాలేదు. పన్నెండు కార్డులూ ఆయన ఇచ్చినవి, ఇది తను లాక్కున్నది. లాక్కున్న మాటకు ఆయన ఎందుకు కట్టుబడతాడు? బియ్యం డబ్బాలో అడుగున పడేసింది. వండబోయిన ప్రతిసారీ అది చేతికి తగులుతూనే ఉండేది.

ఫిబ్రవరి ఆఖర్న మొగుణ్ణి టెక్కలిలో ఒక ఆసుపత్రికి తీసుకెళ్లింది. అంకె పెరిగింది, రెండూ పాయింట్ రెండు.  ఇదంతా నా చేతి పనేననుకుంది రత్నాలమ్మ.

నిజంగానే ఆమె చేతి పనే. అయితే ఆమె అనుకున్నట్టు కాదు.

“రోజుకి ఎన్ని నీళ్లు తాగుతాడమ్మా?” అని డాక్టరు అడిగాడు.

ఆ ఒక్క విషయంలో ఆమె తల ఎత్తుకునే జవాబు చెప్పింది. “కొలత పెట్టే ఇత్తన్నాను బాబూ. పొద్దుగాల ఓ సీసా, సాయంత్రం ఓ సీసా. గుక్కెడు ఎక్కువ పొయ్యనేదు.”

డాక్టరు కలం కింద పెట్టాడు. కృష్ణ సంగతంతా విన్నాడు. “అది డయాలసిస్ మీదున్న మనిషికి పెట్టిన కొలతమ్మా. ఎండలో చెట్లెక్కేవాడికి పెడతావా? ఎండబెట్టేస్తున్నావు మనిషిని!” అన్నాడు. తర్వాత పోలారావు వైపు తిరిగి, “బిళ్లలేమైనా మింగుతున్నావా?” అని అడిగాడు.

పోలారావు నేల చూపులు చూస్తూ చొక్కా జేబులోంచి బిళ్లల అట్ట తీశాడు. మోకాళ్ల నొప్పికి మందుల షాపులో కొని రోజుకు రెండు మింగుతున్నాడట, పెళ్లానికి తెలియకుండా. డాక్టరు ఆ అట్టను చెత్తబుట్టలో వేశాడు. “ఇవి మానెయ్. నీళ్లు బాగా తాగు. మూడు నెలలయ్యాక మళ్లీ చూద్దాం. తగ్గుతుందని మాత్రం నేను మాటివ్వలేను.”

బస్సులో ఆ చివరి ముక్కే ఆమె చెవుల్లో గింగురుమంది. డాక్టరు మాటివ్వలేనన్నాడు. మాటిచ్చినవాడొకడున్నాడు, ఆయన మాటను తనే తిప్పి పళ్లెంలో పడేసింది. దప్పికతో ఉన్న మొగుడికి నీళ్లు కట్టేసింది. టెక్కలి దాటి పలాస వచ్చేదాకా కిటికీ వైపు తిరిగి ఏడుస్తూనే ఉంది.

మర్నాడు ఫ్యాక్టరీలో ఎదురుగా కూర్చుని పొట్టు ఒలిచే కమలకు చెప్పేసింది. కమల అదే మందిరానికి వచ్చే పెద్దావిడ, వరసకు వదిన. అంతా విని, చేతిలో పప్పు ఒలవడం కూడా ఆపలేదు.

“నాకెప్పుడో తెలుసునే. నీ ఎనకాలే ఉన్నాను గదేటి.”

“కళ్లు మూసుకోనేదేటి వదినా నువ్వు?”

“నువ్వు మూసుకున్నావేటి?”

అంత ఏడుపులోనూ రత్నాలమ్మకు నవ్వొచ్చింది. కమల చేతులు తుడుచుకుని, బొడ్డున దోపిన చేతిసంచి విప్పి, మడత పడని కార్డొకటి ఆమె ఒళ్లో పెట్టింది. నీళ్ల కార్డు.

“నువ్వు పెట్టేసినాక నానే ఏరి తీసినాను, నీకిద్దారని. ఇయ్యాల అడుగుతావు, రేపడుగుతావని సూత్తన్నాను. నీ నోటికి జడిసి నాను ముందు సెప్పనేదు.”

“నాను ఒద్దనుకున్నాను గదా. ఇంకా ఈ మాట నాకు సెల్లుతాదేటి?”

“నీ కూతురు అలిగి కంచం తోసేత్తే ఏటి సేత్తావు? కుక్కకేత్తావేటి? పొయ్యి కాడ మూతెట్టి ఉంచుతావు. నీపాటి పేమ ఆయనకి నేదనుకున్నావేటే, వెర్రిదానా!”

రత్నాలమ్మ ఆ కార్డును కొంగున ముడేసుకుంది. 

ఆ సాయంత్రం నీళ్ల కార్డు గుమ్మం మీదకు ఎక్కింది. కాచి చల్లార్చిన నీళ్ల కుండ మొగుడి మంచం పక్కన పెట్టింది. భయం పోయిందనుకునేరు, ఎక్కడ పోయింది! గ్లాసు నింపే ముందు కృష్ణ సీసా వైపు ఓసారి చూసేది. అయినా పోసేది. పోసిన ప్రతిసారీ, “పెబువా, తోడుంటానన్నావు, ఉండు మరి,” అని సతాయించేది. తిట్టడం నేర్చిన నోరు కదా, ప్రార్థన కూడా అలాగే ఉండేది.

మే నెలాఖరున మళ్లీ టెక్కలి. డాక్టరు కాగితం చూసి, కళ్లజోడు సవరించుకుని, ఇంకోసారి చూశాడు. “ఒకటీ పాయింట్ ఒకటి. దారిలో పడిందమ్మా. ఆ బిళ్లల జోలికి మాత్రం పోవద్దు.”

వరండాలోకి వచ్చాక రత్నాలమ్మ బెంచీ మీద కూలబడి భోరుమంది. ఐదు నెలల నుంచి గుండెల మీదున్న బండ దిగిపోయింది. ఆనక లేచి, బిళ్లలు దాచినందుకు మొగుడి వీపు మీద గట్టిగా ఒకటి వేసింది. పోలారావు నవ్వుతూనే ఆ దెబ్బ తిన్నాడు.

ఆదివారం నాడు ఆరాధనలో, దేవుడు చేసిన మేలు నలుగురికీ చెప్పే సాక్ష్యానికి ఆమె లేచింది. కార్డు మార్చిన సంగతి దాచలేదు. మందిరమంతా గొల్లున నవ్వింది. బియ్యం డబ్బాలోని దీర్ఘాయువు కార్డు తెచ్చి పాస్టరుగారి చేతిలో పెట్టి, “ఇది నాది కాదయ్యగారూ,” అంది.

ఆయన దాన్ని తిరిగి ఆమెకే ఇచ్చేశారు. “కార్డులు పలాస బజార్లో నేను కొన్నవేనమ్మా. మాట నేను కొన్నది కాదు. ఒకరు తీసుకుంటే ఇంకొకరికి తరిగిపోయే మాట ఆయన ఎప్పుడూ చెప్పలేదు.”

అంతలో వెనక గుమ్మం దగ్గర నుంచి ఎవరో దగ్గారు. అందరూ తిరిగి చూశారు. పోలారావు! చెప్పులు బయట విడిచి, ఒక కాలు లోపల, ఒక కాలు బయట పెట్టి నిలబడి ఉన్నాడు.

“సాచ్చికం బాగానే ఉంది గానీ,” అన్నాడు సిగ్గుపడుతూ, “ఎండన పడి వొచ్చినాను. ముందు మంచినీళ్లియ్యే.”

రత్నాలమ్మ పరుగున వెళ్లి మూల ఉన్న కుండలో చెంబు ముంచి, అంచుల దాకా నింపి తెచ్చింది. తాగినంతసేపూ పక్కనే నిలబడి చూసింది. అయిపోగానే అతను అడగకముందే మళ్లీ ముంచుకొచ్చింది.