ముందెన్నడూ చూడని కాగితం

మా ఆవిడని జీవితంలో భయపెట్టినవి రెండే. ఒకటి బల్లి, రెండోది పదో తరగతి సంగీతం పరీక్ష. బల్లి సంగతి వదిలేయండి.

అప్పుడామె మా కాన్వెంటులో నాతోపాటు చదివే దర్జీగారమ్మాయి. ఆమె పియానో వాయిస్తే గోడగడియారం టైము మర్చిపోయేది. నమ్మకపోతే ఆ గడియారాన్నే అడగండి. కానీ కాగితం మీద అయిదేసి గీతల్లో రాసిన స్వరాలు ఒక్కటీ చదవడం రాదు. కొత్త పాఠం ఏదైనా టీచరు ముందొకసారి వాయించి చూపేది. ఈమెకి ఆ ఒక్కసారి చాలు. చూపు కాగితం మీద పెట్టి, పేజీ వేళకి తిప్పుతూ, మూడేళ్లు చెవులతో నెట్టుకొచ్చింది.

పరీక్షలో మాత్రం బయటినుంచి వచ్చినాయన ఎవరూ చూడని కాగితం పెడతాడు. అది పోతే సంగీతం పోయినట్టే, సంగీతం పోతే తరగతి పోయినట్టే. "ఈసారి తప్పావో, బడి మాన్పించి కాజాలు కుట్టడానికి కూర్చోబెడతా," అని వాళ్ల నాన్న ముందే చెప్పేశాడు.

ఆ రోజు వరండాలో నా పక్కన కూర్చుంది. మోకాళ్ల వణుకుడికి బెంచీ మా ఇద్దరినీ మోసుకుని నాలుగు గదులు దాటింది.

"ఒరేయ్, నాకు ఆ కాగితం చదవడం రాదురా."

"మూడేళ్లుగా ఒక్క మాట చెప్పలేదేం?"

"చెప్తే నువ్వు ఊరంతా దండోరా వేస్తావని."

"మరిప్పుడెందుకు చెప్పావ్?"

"అందరికీ అదే కాగితమట. నీ తర్వాత నేనే. కాస్త గట్టిగా వాయించు, నీకు పుణ్యముంటుంది."

గట్టిగానే వాయించాను. మూడో వరుసలో తుమ్మొచ్చింది. ఆగి, ముక్కు తుడుచుకుని, అదే ముక్క మళ్లీ వాయించాను.

తర్వాత ఆమె లోపలికెళ్లింది. నేను తలుపుకి చెవి ఆనించాను. రెండు వరుసలు నీళ్లలా సాగాయి. మూడో వరుసలో ఆగింది, సరిగ్గా ముక్కు తుడుచుకునేంతసేపు. అదే ముక్క రెండోసారి.

"అమ్మాయ్, అక్కడెందుకాగావ్?"

"ఆగాలి కదండీ."

"ఆ అబ్బాయంటే తుమ్మొచ్చి ఆగాడు. నువ్వు తుమ్మలేదే?"

తర్వాత సన్నటి గొంతు. "నాకు చదవడం రాదండీ. తలుపు దగ్గర విన్నది వాయించాను."

ఆయన కసిరినా బాగుండేది. "చదవడానికి సున్నా," అని రాసుకున్నాడు. ఆపైన తానే ఏదో వాయించి, "ఇది వాయించు," అన్నాడు. వాయించింది. ఇంకోటి. ఇంకా పొడుగుది. నాలుగోది ఆయనే తప్పు వాయిస్తే, ఆ తప్పుతో సహా వాయించింది. ఆయన ఇక చాలన్నాడు, పాసో కాదో చెప్పలేదు.

ఆరు వారాలు ఆమెకి తిండి సయించలేదు. నాన్న మిషను చప్పుడైతే చాలు, ఉలిక్కిపడేది. చివరికి ఫలితాలొచ్చాయి. విని వాయించినందుకు ఆయనేసిన మార్కులు కలిసి, ఒక్క మార్కుతో గట్టెక్కింది.

పై తరగతి ఫారంలో మళ్లీ సంగీతమే రాసింది. నేరుగా టీచరు దగ్గరికి వెళ్లి నిలబడింది.

"టీచర్, ఈ అయిదు గీతల్లో దేనిమీద ఏ స్వరముంటుందో మొదటినుంచి చెప్పరూ?"

మూడేళ్లు ఆమెకి పాఠాలు చెప్పిన టీచరు చేత్తో తడుముకుంటూ కుర్చీ వెతుక్కుంది.