మిరపకో ప్రోగ్రాం, చింతపండుకో ప్రోగ్రాం

మా ఇంట్లో కాఫీపొడి సీసాలో మెంతులుంటాయి. మెంతుల డబ్బాలో ఏముంటుందో అడిగే ధైర్యం నాకింకా రాలేదు. ఎందులో ఏదైనా పోసుకోవచ్చనే ఈ ఉదార స్వభావం వల్లే ఆ రోజుల్లో, అంటే ఎనభైల చివర్లో, నా మొదటి ఉద్యోగం ఊడినంత పనైంది. అందుకని ఈ విషయంలో నేను కాస్త సున్నితం.

గుంటూరులో ఒక కోల్డ్ స్టోరేజీ ఓనరుగారు కంప్యూటరు కొని, దాని ముందు కూర్చోబెట్టడానికి నన్ను కూడా తెచ్చుకున్నారు. ఏ రైతు మిరప బస్తాలు ఏ గదిలో, ఏ వరసలో ఉన్నాయో చెప్పే ప్రోగ్రాం రాశాను. బాగానే చెప్పింది. తర్వాత చింతపండు వచ్చింది. ప్రోగ్రాం మొత్తం నకలు తీసి, మిరప అన్న చోటల్లా చింతపండు అని దిద్దాను. ధనియాలకు మూడోది, శనగలకు నాలుగోది. ఒకదాంట్లో తప్పు దిద్దితే మిగతా మూడింట్లో అది క్షేమంగా ఉండేది. విసుగొచ్చి నాలుగూ తీసేసి, ఏ సరుకునైనా ఏమీ అడక్కుండా చేర్చుకునే ఒకే ఒక్క జాబితా రాశాను (దీన్ని తెలివి అనుకున్నాను).

వారం తిరక్కుండానే సింగరాయకొండ వైపు నుంచి ఒక పెద్దాయన తన మిరపకాయల కోసం లారీ వేసుకుని వచ్చాడు. మిషను ఇచ్చిన చీటీ ప్రకారం హమాలీలు తెచ్చిన బస్తా విప్పి, లోపలికి చూసి, తర్వాత నావైపు చూశాడు.

"ఏందయ్యా, మిరపకాయలు పెట్టిపోతే చింతపండు చేశారు. ఇంకో ఆర్నెల్లుంచితే పులుసు కాచి ఇస్తారా?"

ఓనరుగారు అరవలేదు. "సోమవారం దాకా చూస్తానయ్యా. అప్పటికీ ఇంతే అయితే నువ్వు చీరాల బండెక్కు," అన్నారు. (మాది చీరాల.)

ఓనరుగారితో సహా అందరూ బాబాయ్ అని పిలిచే పెద్ద గుమాస్తా, తన పుస్తకం తిరగేసి ఆ రైతు బస్తాలు రెండు నిమిషాల్లో తీయించాడు. ఆయన పుస్తకాలన్నీ ఒకే అచ్చు. పైన 'సరుకు' అని ఉండి, పక్కన ఖాళీ.

"ఖాళీగా ఉన్నంతసేపు ఇది ఏ సరుకుదైనా అవుద్ది అబ్బాయ్. మిరప అని రాశానా, ఇంక ఓనరుగారే చింతపండు తెచ్చినా ఇందులో ఎక్కించను," అన్నాడు.

నేను అన్నం సంగతి మర్చిపోయి మిషను దగ్గరికి వెళ్ళాను. ఆబ్జెక్టులతో ప్రోగ్రాములు రాసే కొత్త భాషల్లో టైపును, అంటే ఏ రకం సరుకో చెప్పే చోటును, ఇలా ఖాళీగా వదిలే సదుపాయం పుట్టిందని చాలాకాలం తర్వాత తెలిసింది. మా మిషను భాష అంత చదువుకోలేదు. అందుకని ప్రోగ్రాం ఒక్కసారే రాసి, సరుకు పేరు రావలసిన చోటల్లా ఖాళీ వదిలి, ఆ ఖాళీలు నింపడానికి ఇంకో చిన్న ప్రోగ్రాం రాశాను. మిరప అని నింపితే అది మిరప జాబితా. సోమవారం అందరి ముందూ అందులోకి చింతపండు పంపి చూపించాను. మిషను ఒప్పుకోలేదు. తిరస్కారం అంత తీయగా ఉంటుందని (అప్పటికి ఆ రంగంలో కొంత అనుభవం ఉన్నా) నాకు తెలియదు.

"రేపు పసుపు రానివ్వండి, ఇంకేదైనా రానివ్వండి, ఒక్క మాట నింపితే చాలండి," అన్నాను. జీతం పెంచుతారేమోనని చొక్కా సర్దుకుని నిలబడ్డ ఆ కుర్రాణ్ణి తలచుకుంటే నాకు ఇప్పటికీ ముద్దొస్తాడు.

ఓనరుగారు తెరమీద మిరప అన్న మాటను వేలితో చూపించారు.

"ఒక్క మాట నింపడమే అయితే బాబాయ్ నింపుతాడుగా. మరి నువ్వేం చేస్తావయ్యా?"