ఎవ్వరూ వాడటం లేదన్న ఇంజనీరు

పిల్లలూ, పద్మారావు నగర్‌లో మా మేడమీద అద్దెకున్న ఇంజనీరు, కంప్యూటర్‌ని లోపలుండి నడిపే కెర్నల్‌లోంచి పాతబడ్డ ఇంటర్‌ఫేస్‌లను, అంటే ప్రింటర్ల వంటివి దానితో మాట్లాడే దారులను, తీసేస్తుండేవాడు. తీసే ముందు కళ్లద్దాలు తుడుచుకుని, "ఇది ఎవ్వరు వాడ్తలేరు" అనేవాడు.

ఓసారి నేను గుమాస్తాగా ఉన్న బడికి సాయం చేస్తానని, ఆఫీసు కంప్యూటర్‌లో తన కొత్త కెర్నల్ వేశాడు. అతను తీసేసిన ఇంటర్‌ఫేస్ మీదే బతికే మా పాత ప్రింటర్ మూగబోయింది. మర్నాడే పదో తరగతి పరీక్ష; అరవైమంది హాల్ టికెట్లు ఇంకా అచ్చు కాలేదు.

"రెండేండ్ల సంది హెచ్చరిక ఇస్తనే ఉన్న ఆంటీ!"

"యాడ ఇచ్చినవ్ బిడ్డా?"

"కంప్యూటర్ లోపల తన ముచ్చట్లు తనే రాస్కునే లాగ్ ఫైల్ల."

"ఇల్లు కూలగొట్టే నోటీసు పునాదిల పాతిపెట్టినవా!"

అతను మళ్లీ పాత కెర్నల్ వేశాడు. అరవై టికెట్లూ వచ్చాయి. తర్వాత ఆ ఇంటర్‌ఫేస్‌ను తన కొత్త కెర్నల్‌లో తిరిగి చేర్చి, దాని పక్కన "వాడేవాళ్లు: ఒక్క ఆంటీ" అని రాశాడు. పరీక్ష రాసిన అరవైమంది ఆ మేధావి కంటికి ఆననేలేదు.