లాకుల మెట్ల మీద చెప్పులు

మా పరుగు సంఘంలో కొత్తగా చేరినవాళ్ళు మొట్టమొదట నవ్వేది మా కేకలకి. పరుగు ముగించి వచ్చిన ప్రతి మనిషీ తన పేరు తనే గట్టిగా అరిచి "వచ్చేశా!" అనాలి. అక్కడున్నవాళ్ళంతా "వచ్చారు!" అని బదులు అరవాలి. తొంభైల్లో ఏటా బాపట్ల నుంచి సూర్యలంక దాకా పరిగెత్తేవాళ్ళం. ఆ ఇసుకలో మేం అలా గొంతులు చించుకుంటుంటే, సముద్రస్నానానికి వచ్చిన గుంటూరు జనం పిచ్చివాళ్ళను చూసినట్టు చూసేవారు. చూడనీ. ఆ కేకలు లేని రోజుల్లో ఒక పొద్దున నేనేం పడ్డానో వాళ్ళకేం తెలుసు?

కేకలకు ముందు చెప్పులుండేవి.

ఎనభైల చివర్లో తెనాలిలో ఈ సంఘాన్ని మొదలుపెట్టింది ఒక డ్రిల్లు మాష్టారు. మనిషి మంచివాడే కానీ తను పట్టిన కుందేలుకి మూడే కాళ్ళనే రకం. అరికాలు నేలకి తగలకపోతే అది పరుగే కాదని ఆయన సిద్ధాంతం. అందుకని అందరూ కాలవ నీళ్ళు ఆపే లాకుల దగ్గర మెట్ల మీద చెప్పులు విడిచి, కాలవ కట్ట వెంట వంతెన దాకా ఉత్తికాళ్ళతో పరిగెత్తి వెనక్కి రావాలి. వచ్చినవాళ్ళు వచ్చినట్టు చెప్పులు తొడుక్కుని పక్కనున్న బడ్డీలో టీ తాగేవారు. మెట్ల మీద ఒక జత మిగిలిందంటే ఒక మనిషి ఇంకా కట్ట మీదే ఉన్నట్టు. అప్పుడు ఇద్దరు వెనక్కి వెళ్ళి వెతకాలి.

"పరిగెత్తేవాడు వెనక్కీ చూడకూడదు, పక్కకీ చూడకూడదు. వెనకవాళ్ళ సంగతి చెప్పులు చూసుకుంటాయి" అనేవాడాయన. ఒకసారి పిక్కలు పట్టేసి కూలబడ్డ టైలరుని ఈ లెక్కతోనే కనిపెట్టి మోసుకొచ్చారు. ఇక ఆ మెట్ల మీద వాళ్ళకి కుదిరిన గురి దేవుడి మీద కూడా ఉండి ఉండదు.

అప్పట్లో అది పూర్తిగా మగవాళ్ళ సంఘం. నేను ప్రాథమిక పాఠశాలలో టీచర్ని, వాళ్ళ పరుగుతో నాకేం పని లేదు. చేరింది మా నాన్న. బాపట్లలో హెడ్మాస్టరుగా చేసి రిటైరయ్యాక, అమ్మ కూడా పోవడంతో తెనాలిలో నా దగ్గరికి వచ్చేశాడు. ఇంట్లో మేమిద్దరమే. ఆయన్ని నేను విసుక్కునేదాన్ని, ఆయన నన్ను కసిరేవాడు, అయినా ఆయన తప్ప ఈ లోకంలో నాకు నా అన్నవాళ్ళు లేరు. ఆయనకి షుగరు ఉంది. నడవమని డాక్టరు చెబితే, ఈయన ఏకంగా పరుగు సంఘంలో చేరాడు. అందరికంటే వెనకబడి, కాస్త పరిగెత్తి కాస్త నడిచి, ఆఖరున వచ్చేవాడు.

ఆ డిసెంబరులో ఆయన క్రిస్మస్‌కని తోలుచెప్పులు కొనుక్కున్నాడు. పండగ దాకా ఆగమంటే వింటేనా! ఉన్న రబ్బరు చెప్పు తెగిందని వంకపెట్టి, ఆ పొద్దున కొత్తవి తొడుక్కుని టక్కు టక్కుమనుకుంటూ బయల్దేరాడు. ముందటి పండగకి చర్చి బయట విడిచిన జత ఎవరో వేసుకుపోయారు. అప్పటినుంచీ మా నాన్నకి ఏ గుమ్మం ముందు చెప్పులు విడవాలన్నా ప్రాణం కొట్టుకునేది.

ఆ పొద్దున మంచు దట్టంగా పట్టింది. ఎదురింటి మీద కట్టిన క్రిస్మస్ నక్షత్రం కూడా కనపడలేదు. బడికి తయారై వంటింట్లోకి వెళ్తే, ఆయనకని పెట్టిన ఇడ్లీలు మూత తీయకుండా అలాగే ఉన్నాయి. పక్కన మాత్ర చించిన రేకు ఉంది. మాత్ర వేసుకుని తినకపోతే షుగరు పడిపోతుందనీ, మనిషికి తనెక్కడున్నాడో కూడా తెలియదనీ, వెంటనే నోట్లో పంచదార వెయ్యకపోతే ప్రాణానికే ముప్పనీ డాక్టరు నాకు మరీమరీ చెప్పాడు. మామూలుగా ఆయన ఇంటికొచ్చే వేళ ఎప్పుడో దాటిపోయింది.

లాకుల దగ్గరికి వెళ్ళేసరికి సంఘం ఇళ్ళకు బయల్దేరుతోంది. డ్రిల్లు మాష్టారు తువ్వాలుతో మెడ తుడుచుకుంటున్నాడు.

"మా నాన్నగారు రాలేదండీ."

ఆయన మెట్లవైపు చెయ్యి చూపించాడు. "ఒక్క జత కూడా లేదు చూడమ్మా. అందరూ వచ్చేసినట్టే."

"మీరు ఆయన్ని కళ్ళారా చూశారా?"

"చూడాలేంటమ్మా? చెప్పులు లేవు కదా."

"చెప్పులు కాదండీ, మనిషి! మనిషిని చూశారా అని అడుగుతున్నా!"

ఒకరి మొహాలొకరు చూసుకున్నారు. ఎవరూ చూడలేదు. అయినా మెట్లు ఖాళీగా ఉన్నాయి కాబట్టి ఆయన వచ్చేసి ఊళ్ళోకి ఎటో వెళ్ళాడనే అందరి నమ్మకం. టైలరు, "హెడ్మాస్టరుగారు మొన్న రేపల్లెలో చెల్లెలిగారికి ఒంట్లో బాలేదన్నారమ్మా. రైలెక్కి ఉంటారు" అన్నాడు. అదీ నిజమే, మా మేనత్తకి బాగాలేదు. చెప్పకుండా రైలెక్కడం మా నాన్నకి అలవాటే. నేను ఒక్క క్షణం నమ్మాను కూడా. టైలరు సైకిలెక్కి స్టేషనుకి వెళ్ళాడు. ఇంకొకాయన, పండగ పాటల సాధన ఏమన్నా ఉందేమోనని చర్చికి వెళ్ళాడు. కట్ట మీదకి పోదామని నేనంటే, "అక్కడెందుకమ్మా టైం దండగ? మేమిప్పుడేగా అటునుంచి వచ్చాం" అన్నాడు డ్రిల్లు మాష్టారు.

చర్చికి వెళ్ళినాయన తల అడ్డంగా ఊపుకుంటూ తిరిగొచ్చాడు. కడుపులో ఏమీ లేని మనిషి లోపల ఆ మాత్ర తన పని తాను చేసుకుపోతోంది. నేను ఆ ఖాళీ మెట్ల వంక చూస్తూ నిలబడ్డాను. ఆ మెట్లని పగలగొట్టాలన్నంత కసి పుట్టింది.

అంతలో టీ బడ్డీ ఆవిడ బిందెతో నీళ్ళు పట్టుకుని వచ్చింది. మమ్మల్ని చూసి, బల్ల కింద నుంచి ఒక న్యూస్‌పేపరు పొట్లం తీసింది.

"మంచిపని చేశారు టీచరమ్మా, మీరొచ్చారు. హెడ్మాస్టరుగారి కొత్త చెప్పులండి. మెట్ల మీదైతే ఎవరన్నా వేసుకుపోతారని నన్ను దాచమన్నారు. ఇంకా వచ్చి తీసుకెళ్ళలేదేంటి?"

డ్రిల్లు మాష్టారి మొహంలో నెత్తురు చుక్క లేదు. నేను బడ్డీ మీద డబ్బాలో చెయ్యి పెట్టి, పట్టినంత పంచదార పిడికిట్లోకి తీసుకున్నాను. చీర మోకాళ్ళ దాకా ఎగదోపి కట్టెక్కాను.

నేను అంతకు ముందు పరిగెత్తిందే లేదు. నలుగురిలో ఆ వేషంలో పరిగెడుతున్నానన్న స్పృహ కూడా లేదు. డ్రిల్లు మాష్టారు బాణంలా నన్ను దాటి మంచులోకి వెళ్ళిపోయాడు. కాసేపు ఆయన అడుగుల చప్పుడు వినపడింది, తర్వాత అదీ లేదు. ఆయన చూపంతా నేరుగా దారి మీదే. జీవితమంతా అలాగే పరిగెత్తాడు, పాపం, ఆ పూట మాత్రం ఎలా మారతాడు? నా కళ్ళు మాత్రం కాలవ మీదే ఉన్నాయి. వరికోతలైనా కాలవలో నీళ్ళు నిండుగానే పోతున్నాయి. నీళ్ళలో కొట్టుకుపోతున్న ప్రతి తుక్కూ నాకు ఆయన తెల్లచొక్కాలాగే కనిపించింది. "నాన్నా!" అని అరుస్తున్నాను. రొప్పుకి మాట సగంలోనే తెగిపోతోంది. యేసయ్యా, ఈ ఒక్కసారికి కాపాడు, ఇంకెప్పుడూ ఆయన్ని విసుక్కోను అని మొక్కుకున్నాను.

వంతెన ఇంకాస్త దూరం ఉందనగా, గేదెలు దిగే రేవులో ఆయన కనిపించాడు. మోకాళ్ళలోతు నీళ్ళలో నిలబడి ఉన్నాడు. కళ్ళు తిరిగి అక్కడ కూర్చుని ఉంటాడు, మంచులో ఆ రేవు పక్కనుంచే అందరూ దాటిపోయి ఉంటారు. నేను పిలిస్తే తిరిగి చూడలేదు. ఎదురుగా రోడ్డేదో ఉన్నట్టు ఇంకో అడుగు ముందుకు వేశాడు. నీళ్ళు తొడల దాకా వచ్చాయి.

జారుతూ పడుతూ దిగి, వెనకనుంచి చొక్కా పట్టుకున్నాను. ఒళ్ళంతా చెమట, చల్లగా ఉంది. నావైపు చూశాడు. ఆ కళ్ళలో నేను లేను.

"ఎవరండీ మీరు? వదలండి. బెల్లు కొట్టేశారు, పిల్లలు ప్రేయర్లో ఉంటారు" అన్నాడు ముద్దముద్దగా.

"నేను నాన్నా! నోరు తెరువు!"

పెదాలు బిగించి మొహం తిప్పుకున్నాడు. చెయ్యి విదిలించుకుని మళ్ళీ కాలవలోకే లాగుతున్నాడు. కాలి కింద బురద జారుతోంది. నా పిడికిట్లో పంచదార చెమటకి ముద్దైపోయింది. అది కూడా పోతే ఇంక నా దగ్గర ఏమీ లేదు. భయంతో నాకు తెలియకుండానే రెండో తరగతి పిల్లల్ని గదమాయించే గొంతు వచ్చింది.

"చెప్తుంటే వినపడట్లా? నోరు తెరువ్!"

తెరిచాడు. చంటిపిల్లాడిలా తెరిచాడు. వేళ్ళతో ఆ పాకమంతా నాలిక మీద రాశాను. మింగాడు. ఇంకా రాశాను. ఒడ్డుకి లాక్కొచ్చి, రెండు చేతులతో గట్టిగా చుట్టేసి బురదలోనే కూర్చోబెట్టాను. పైన డ్రిల్లు మాష్టారు వంతెన దాకా పోయి వెనక్కి వస్తూ, "హెడ్మాస్టరుగారూ! హెడ్మాస్టరుగారూ!" అని ఏడుపు గొంతుతో అరుస్తున్నాడు. బదులు చెప్పే ఓపిక నాకు లేదు. నాన్న మొహాన్నే చూస్తున్నాను. అందులో ఏ మార్పూ లేదు. ఆలస్యమైపోయిందనే అనుకున్నాను.

చాలాసేపటికి ఆయన రెప్పలు కొట్టుకున్నాయి. కాలవ వంక చూశాడు. తడిసిన తన పంచె చూసుకున్నాడు. తర్వాత నన్ను, బురద కొట్టుకుపోయిన నా చీరని, కింద నుంచి పైదాకా చూసి కనుబొమలు ముడిచాడు.

"ఇదేం అవతారమే? ఇక్కడేం చేస్తున్నావు? బడికి టైమవ్వలా?"

"లేదు నాన్నా, ఇంకా చాలా టైముంది" అని అబద్ధం చెప్పి, ఆయన భుజం మీద తల పెట్టుకుని భోరుమని ఏడ్చాను.