లూపే సుత్తి ఆగితే

లూపేకి మూర్ఛ ఉందన్న సంగతి ఊళ్ళో అందరికీ తెలుసు. ఆ మూర్ఛని అడ్డం పెట్టుకుని ఆమె ఎన్ని వేషాలు వేస్తుందో మాత్రం ఆమె పిల్లలిద్దరికే తెలుసు.

టోంగా దీవుల్లో ఆడవాళ్ళు పగలంతా నారబట్ట కొడతారు. చెట్టు బెరడు లోపలి నారని దుంగ మీద పరిచి కొయ్యసుత్తితో కొడుతూ ఉంటే ఆ టకటకలు ఊరి చివరిదాకా వినిపిస్తాయి. మిగతావాళ్ళు గుంపుగా కూర్చుని కొడతారు. లూపే తన వాకిట్లో ఒక్కతే కొడుతుంది, తన చప్పుడు విడిగా వినపడాలని. అది ఆగితే పిల్లలు ఎక్కడున్నా పరిగెత్తుకు రావాలి. పదేళ్ళ ఫీఫీటా తల్లిని ఒక పక్కకి తిప్పి పడుకోబెడుతుంది, ఆరేళ్ళ సోనే తల కింద చాప మడిచి పెడతాడు. ఇంట్లో గడియారం లేదు కాబట్టి మూర్ఛ ఎంతసేపుందో లెక్కపెట్టడానికి ఇద్దరూ చర్చి పాట ఎత్తుకుంటారు. ఐదో చరణం దాటితే నర్సు దగ్గరికి పరుగు. ఇప్పటిదాకా మూడోది దాటలేదు.

అయితే లూపే మహా గడుసుది. పిల్లలు ఆటల్లో పడి తిండి వేళకి రాకపోతే, గొంతు చించుకుని పిలవడానికి బద్ధకించి సుత్తి ఆపేసేది. రొప్పుతూ వచ్చినవాళ్ళకి కొబ్బరిపాలలో ఉడికిన చేమాకు పొట్లాలు ఎదురయ్యేవి.

“ఇది మోసమమ్మా,” అనేది ఫీఫీటా.

“మోసమే. చేతులు కడుక్కో.”

మూడేళ్ళ కిందట మొగుడు తేవిటా సముద్రంలో పోయాడు. అప్పటినుంచీ అతని అక్క సియాలేకి ఈ కాపురం మీదే కన్ను. ఒక సోమవారం రానే వచ్చింది.

“పిల్లల బట్టలు సర్దు. ఇకనుంచి నా దగ్గరుంటారు.”

“ఏమొచ్చింది వదినా ఇప్పుడు?”

“నువ్వు ఏ పొయ్యిలోనో పడితే వాళ్ళకెవరే దిక్కు?”

“పిల్ల ఇంట్లో లేకుండా పొయ్యే వెలిగించను. మంచం లేదు, చాప మీంచి ఎక్కడికి పడతాను? చర్చి గంట కొట్టగానే మాత్ర వేసుకుంటాను. నువ్వు ప్రార్థన ఎగ్గొట్టిన రోజులున్నాయేమో గానీ నేను మాత్ర ఎగ్గొట్టిన రోజు లేదు.”

“నోటికేం తక్కువ లేదు. మేనత్తగా అడుగుతున్నాను. పంపుతావా, లేదా?”

ఆ దీవుల్లో మేనత్త మాటకి తిరుగు లేదు. తమ్ముడి పిల్లల్ని కావాలంటే తీసుకుపోతుంది, తల్లి నోరెత్తకూడదు. వాళ్ళిద్దరూ పోతే ఈ ఇంట్లో తను ఎందుకు లేవాలో కూడా లూపేకి తెలియదు. సుత్తి పక్కన పెట్టి తలెత్తింది.

“తీసుకెళ్ళు వదినా. మరి నీ ఐదుగురు పిల్లల్నీ ఎప్పుడు పంపుతావు?”

“నావాళ్ళని నీకెందుకు పంపాలి?”

“వాళ్ళకి మేనత్తని నేనేగా.”

నిజమే. వాళ్ళవి కుండమార్పిడి పెళ్ళిళ్ళు. సియాలే కట్టుకున్నది లూపే అన్న మాఫినే. సియాలే రెండడుగులు వేసి వెనక్కి తిరిగింది.

“సరే. ఆదివారం దాకా చూద్దాం. ఈలోగా చేతులెత్తేశావో, ఇద్దరూ ఇక నావాళ్ళే.”

ఆ సాయంత్రమే పిల్లలు ఇల్లు మారారు. తన దగ్గరికొచ్చిన ఐదుగురికీ లూపే తను పడిపోతే చేయాల్సినవన్నీ నేర్పింది. పడిపోయిన అమ్మ వేషం నాదంటే నాదని కొట్టుకున్నారు. ముందు చాప మడిచినవాడికి పెద్ద పొట్లం.

నాలుగిళ్ళ అవతల సియాలే అవస్థ వేరు. సుత్తి ఆగితే చాలు, ఫీఫీటా, సోనే ముద్ద నోట్లో ఉండగానే లేచి ఉరికేవారు. లూపే చెమట తుడుచుకున్నా అంతే. మూడో రోజుకి సియాలే కూడా చేస్తున్న పని ఆపి చెవులు రిక్కించసాగింది. తనమీద తనకే ఒళ్ళు మండింది.

గురువారం సుత్తి ఆగింది, మళ్ళీ మొదలవలేదు. సియాలే చేతిలో గరిటెతోనే పరిగెత్తింది. లూపే నేలమీద కొట్టుకుంటోంది. చుట్టూ ఏడుగురు పిల్లలు పాడుతున్నారు.

“తప్పుకోండి, పళ్ళ మధ్య గరిటె పెట్టాలి.”

“వద్దు,” అన్నారు ఏడుగురూ.

“నోట్లో ఏమీ పెట్టకూడదత్తా,” అంది ఫీఫీటా. “రెండో చరణంలో ఉన్నాం. నువ్వూ పాడు.”

చర్చిలో పదిమందిని పాడించే సియాలే మోకాళ్ళమీద కూర్చుని రొప్పుతూనే అందుకుంది. మూడో చరణంలో లూపే ఒళ్ళు వదులైంది. చాలాసేపటికి తేరుకుని వదినని గుర్తుపట్టింది.

“శ్రుతి తప్పావట,” అంది నీరసంగా. “పిల్లలు చెబుతున్నారు.”

సియాలే ఆ సాయంత్రం తన ఐదుగుర్నే వెంటబెట్టుకుని వెళ్ళింది. మిగతా ఇద్దరి ఊసు మళ్ళీ ఎత్తలేదు.

నెల తిరిగాక ఒక మధ్యాహ్నం సుత్తి ఆగింది. సియాలే రొప్పుతూ వచ్చేసరికి లూపే ఆకు ముందు కూర్చుని ఉంది.

“కూర్చో వదినా, చేప చల్లారిపోతోంది. పిల్లలు తిని బడికి పోయారు, ఒక్కదాన్నే తినబుద్ధి కాలేదు.”

“తెలుసే నీ వేషాలు.”

“తెలిసీ ఎందుకు పరిగెత్తావు మరి?”

సియాలే చెమట తుడుచుకుని చేప ముక్క విరిచింది.

“ఈసారి నిజమేమోనని,” అంది.